సాఫు ప్రతి

"జర గిది చూడు, ఏం చెప్తాండో" అన్నాడు సిద్దిరాములు.

అండాలు చాట ముందర పెట్టుకుని కందిపప్పులో రాళ్లేరుతోంది. తల ఎత్తకుండానే చెయ్యి చాపింది. గుండీ ఊడిన అంగీ ఏమో అనుకుంది. చేతిలో పడింది ఇటుకంత మందమున్న ఇంగ్లీషు పుస్తకం. ఆ బరువుకు చెయ్యి పోయి చాట అంచు మీద పడి, గుప్పెడు పప్పు గచ్చు మీదికి చిందింది. "పప్పంత నేలపాలు చెయ్యి" అని మంచం మీంచి అత్త వెంకటనర్సమ్మ అననే అంది. అండాలు ఒక చేత్తో పప్పు ఊడ్చుకుంటూ మొగుడు వేలు పెట్టి చూపించిన పేరా చదివింది. చదివి తెలుగులో చెప్పింది. ఆయన తల ఊపి, "ఆ, నేను గూడ గదే అనుకున్న" అని లోపలికి పోయాడు. రెండు నిమిషాలకు మళ్లీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు పుస్తకం చాట పక్కనే వదిలిపెట్టి, "నువ్వు చదువుకుంట ఉండు, నేనొచ్చి అడుగుత" అని బజారుకు పోయాడు.

అది అరవైమూడో సంవత్సరం, వానాకాలం మొదట్లో. సిద్దిరాములు పాలమూరు హైస్కూల్లో సైన్సు పంతులు. రేడియో మీద ఒక వారపత్రికలో రెండు వ్యాసాలు రాసి ఉన్నాడు. అవి చూసి హైదరాబాదు నుంచి ఒక ప్రెస్సాయన వెతుక్కుంటూ వచ్చాడు. లైబ్రరీలలో పెట్టుకోను తెలుగులో పెద్ద పుస్తకాలు అచ్చేస్తున్నాననీ, ఒక్కో విషయం ఒక్కో పంతులుకు అప్పజెప్తున్నాననీ, టెలివిజన్ గురించి రెండు భాగాలు కావాలనీ, ఒకటి దాని చరిత్ర, రెండోది దాని పరిశ్రమ అనీ చెప్పాడు. మొదటి భాగం ఏడాదిలో ఇయ్యాలె. సిద్దిరాములు ఛాతీ ఉబ్బించుకుని సరేనన్నాడు. టెలివిజన్ ఆయన చూసింది లేదు. పాలమూరులో ఎవరూ చూసింది లేదు. ఢిల్లీలో వారానికి రెండు రోజులు వస్తుందట అని పేపర్లో చదివినవాళ్లు మాత్రం నలుగురైదుగురు ఉన్నారు. ప్రెస్సాయన ఆధారం కోసమని రెండు లావు ఇంగ్లీషు పుస్తకాలు, ఒక కట్ట పత్రికల ముక్కలు ఇచ్చిపోయాడు.

చిక్కంతా ఇంగ్లీషు దగ్గర వచ్చింది. సిద్దిరాములు నిజాం జమానాలో బడి నుంచి కాలేజీ దాకా ఉర్దూలో చదివినవాడు. పాఠంలో ఉన్నంత ఇంగ్లీషు చెప్పగలడు. ఆరువందల పేజీలు ఆయన వల్ల కాదు. అండాలుది వేరే కథ. ఆమె తండ్రి గాలయ్య కొత్తకోటలో మగ్గం నేసేవాడు. నేసిన చీరలు మూటగట్టుకుని పాలమూరు మిషన్ కాంపౌండుకు అమ్మబోతే, అక్కడి దొరసాని వెంబడి వచ్చిన ఏడేండ్ల పిల్లను చూసి, బోర్డింగు బడిలో ఉంచిపొమ్మంది. తొమ్మిదేండ్లు ఉంది. పదహారో ఏట పెండ్లి. పిల్లను చూడవచ్చిన రోజు పెద్దమనుషులు "ఇంగ్లీషు గూడ వస్తదట" అన్నారు, మామిడికాయ తొక్కులు పెట్టుడు వస్తదట అన్నట్టు. తొక్కులకు ఏటేటా పని పడింది. ఇంగ్లీషుకు పదిహేనేండ్లలో పడ్డ పని, మందు సీసాల మీద చీటీలు చదువుడు, వాడకట్టులో ఎవరికన్నా టెలిగ్రాం తారు వస్తే అందులో చావో బతుకో చెప్పుడు.

ఆ పుస్తకం చాట పక్కన పడ్డ రోజు ఆమెకు మొదట భయమే వేసింది. మరచిపోయానేమో అనుకుంది. నాలుగు పేజీలు పోయాక ఒక్కొక్క మాటే లేచి వచ్చింది, చాన్నాళ్లకు కనపడ్డ చుట్టంలాగా.

పని మధ్యాహ్నాలు నడిచేది. పొద్దున నీళ్లు తోడి, రొట్టెలు చేసి, మొగుణ్నీ ఇద్దరు పిల్లలనూ బడికి పంపి, గిన్నెలు తోమి, బట్టలు పిండి, అత్తకు కాళ్లకు నూనె పట్టించేసరికి ఒంటిగంట అయ్యేది. అత్త నిద్ర పోయాక అండాలు గోడకు ఆనుకుని కూర్చుని, పాత ట్రంకుపెట్టె ముందుకు లాక్కుని దాని మీద రాసేది. మొదట్లో కాయితం మీద అర్థం మాత్రమే రాసిపెట్టమన్నాడు. "నువ్వు మోటుగ రాసిపెట్టు, నేను భాష దిద్దుత." రెండు అధ్యాయాలు దిద్దాడు. దిద్దడమంటే అక్కడక్కడ 'మరియు' చేర్చాడు. మూడో అధ్యాయం నుంచి, "మంచిగనే ఉన్నది, నువ్వే సాఫు చేసి రాయి" అన్నాడు. ఆ తర్వాత అడగడం కూడా మానేశాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ, "ఇయ్యాల ఎన్ని పేజీలైనయి" అనేవాడు. బడిలో మాత్రం రాత్రుళ్లు నిద్ర లేదని పంతుళ్లతో చెప్పుకునేవాడని పక్కింటి గుర్వమ్మ చెప్పింది, వాళ్లాయన కూడా ఆ బడిలోనే పంతులు కాబట్టి. అండాలు విని ఊరుకుంది. గుర్వమ్మతో అయినా ఏం చెప్పాలె? పని కావాలని ఎవరూ అడగకముందే పదిహేనేండ్లు పని చేసిన మనిషి, ఇది మాత్రం నాది అని ఏ నోటితో అంటుంది?

అత్తకు ఆ కాయితాల మీద కసి. "పొద్దుగూకులు కూసొని గీకుడేంది? ఇంటికి పెద్దకోడలంటే ఇల్లు చూస్కోవాలె" అనేది. "నీ కొడుకు పనేనే అత్తా" అంటే, "వాడు చేయిస్తే చేస్తవు, నేను చెప్తే చేస్తవా" అనేది. అండాలు దానికి నవ్వాలో ఏడ్వాలో తెలియక రాసుకునేది.

రాస్తూ ఉంటే ఇంట్లో నిశ్శబ్దం వేరే రకంగా ఉండేది. అంతకు ముందూ మధ్యాహ్నాలు ఒక్కతే ఉండేది, అప్పుడు ఆ ఒంటరితనానికి పేరు లేదు. ఇప్పుడు ఉంది. సముద్రాలకు అవతల ఎవరో ఒకాయన చీకటి గదిలో ఏండ్ల తరబడి కూర్చుని, ఇక్కడి మొహం అక్కడ కనపడేట్టు చేయాలని కొట్టుకున్నాడని రాసి, కలం ఆపి చూస్తే, ఆ మాట చెప్పుకోను ఇంట్లో మనిషి లేదు. ఒకరోజు పట్టలేక అన్నం వడ్డిస్తూ, "బొమ్మను ముక్కలు ముక్కలు చేసి గాలిల పంపుతరట, అవతల మళ్ల అతుకుతరట" అంది. సిద్దిరాములు "ఊఁ, పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆయనకు కోపమేం లేదు. ఉప్పు నిజంగానే తక్కువైంది. ఆమె ఉప్పు తెచ్చి వేసి, ఆ తర్వాత ఎప్పుడూ ఆ ముచ్చట అన్నం దగ్గర తేలేదు.

బొమ్మ గీతలు గీతలుగా వస్తుందన్న అధ్యాయం దగ్గర ఆమె రెండు రోజులు ఆగింది. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో పెడితే తనకే అర్థం కాలేదు. మూడో రోజు గిన్నెలు తోముతుంటే తండ్రి మగ్గం కండ్లల్ల ఆడింది. చేతులు కడుక్కుని వచ్చి రాసింది. 'మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె పోయేటప్పుడు ఒక పోగు వేస్తుంది, వచ్చేటప్పుడు ఒక పోగు వేస్తుంది. ఈ కిరణం అట్లా కాదు. ఎడమ నుంచి కుడికి పోతూ ఒక గీత నేస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఏమీ నేయకుండా ఉత్తచేతులతో వస్తుంది. అయినా ఎంత తొందరగా వస్తుందంటే, ఆ వట్టి ప్రయాణం మన కంటికి తెలియదు.' రాసి తనే నవ్వుకుంది. ఒక దిక్కు పనిచేసి ఇంకో దిక్కు ఉత్తచేతులతో వచ్చేవాళ్లను ఆమె ఎరుగును. రెండు దిక్కులా నేసేవాళ్లనూ ఎరుగును.

సిద్దిరాములు ఆ పేరా ఒక్కటి మాత్రం చదివాడు. చదివి అడ్డంగా గీత కొట్టాడు. "మగ్గం ముచ్చట ఎందుకు పెట్టినవు? సాలోళ్లు సాలోళ్ల లెక్కనే రాసుకున్నరని నవ్వుతరు." ఆయన తండ్రి కూడా నేసినవాడే. ఇంట్లో మగ్గం గుంత పూడ్చి దాని మీద గచ్చు వేయించింది సిద్దిరాములే. అండాలు "సరే" అంది. సాఫు ప్రతిలో ఆ పేరా మళ్లీ రాసింది. ఆయన సాఫు ప్రతి చూడడని ఆమెకు తెలుసు.

ఆ లావు పుస్తకాలలో ఫొటోలు ఉండేవి. పెద్ద పెద్ద దీపాలు, యంత్రాల పక్కన కోట్లు వేసుకున్న మగవాళ్లు. కింద వాళ్ల పేర్లు, ఎడమ నుంచి కుడికి. ఒక ఫొటోలో దీపాల కింద కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఆమె మొహమే అప్పుడు గాలిలో పోయి ఇంకో గదిలో కనపడిందట. కింద ఇద్దరు ఇంజనీర్ల పేర్లున్నాయి, ఆమెకు 'ఒక యువతి' అని ఉంది. ఇంకో చోట కార్ఖానా. పొడుగు బల్ల ముందు నలబై యాబై మంది ఆడవాళ్లు వంగి తీగెలు అతుకుతున్నారు. కింద ఒకటే మాట, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి ఈ పనికి పనికొస్తారని. వాళ్లు పొద్దున ఇంట్లో ఏం వండి వచ్చారో, ఇంటికి పోయి ఏం వండాలో, వాళ్లు చేసిన టెలివిజన్ డబ్బా వాళ్లింట్లో ఉందో లేదో, ఆరువందల పేజీల్లో ఎక్కడా లేదు. అండాలు ఆ ఫొటో దగ్గర చాలా మధ్యాహ్నాలు ఆగింది. ఒక్కొక్క మొహం చూసేది. అందులో ఒకామె మాత్రం తల ఎత్తి, ఫొటో తీసేవాని వైపు చూస్తోంది.

పుస్తకం రాసిన దొర తన ముందుమాటలో పదిమందికి పేరు పేరునా దండం పెట్టి, ఆఖరి వాక్యంలో 'ఈ గ్రంథాన్ని మూడుసార్లు టైపు చేసిన నా భార్యకు' అన్నాడు. ఆమె పేరేందో అని అండాలు ముందునుంచి వెనకదాకా వెతికింది. దొరకలేదు.

అరవైనాలుగు దసరా నాటికి నాలుగువందల ఇరవై కాయితాలు కట్టగట్టి హైదరాబాదు పంపారు. సిద్దిరాములు ముందుమాట మాత్రం తానే రాశాడు. మొత్తం పుస్తకంలో ఆయన రాసింది ఆ రెండు పేజీలే. అచ్చయి వచ్చాక అండాలు మొదట చదివింది కూడా అదే. హెడ్మాస్టరు పేరు, ప్రెస్సాయన పేరు, కాయితాలు ఉద్దెర ఇచ్చిన దుకాణాయన పేరు, తర్వాత ఆఖరి వాక్యం. 'ఎంతో ఓపికతో సాఫు ప్రతి రాసిపెట్టిన నా శ్రీమతికి.'

"గిట్లేంది" అంది అండాలు.

"ఏమైంది? నిన్ను గూడ తలుసుకున్న గద."

"నా పేరు లేదు."

"దొరలే గట్ల రాసుకున్నరు" అన్నాడు సిద్దిరాములు, నిజంగా ఆశ్చర్యపోతూ. "నువ్వే గద చదివి చెప్పినవు."

సంక్రాంతి దాటాక పాలమూరు లైబ్రరీలో సభ పెట్టారు. జిల్లాలో ఒక పంతులు అంత లావు పుస్తకం రాయడం అదే మొదలని హెడ్మాస్టరు పూనుకున్నాడు. వచ్చినవాళ్లకు చాయ ఇంటి నుంచే పోవాలె. అండాలు అరవై మందికి చాయ కాచి, రెండు పెద్ద కేతిళ్లతో జట్కాలో పోయి, లైబ్రరీ వసారాలో గ్లాసులు పేర్చుకుని నిలబడింది. తలుపులోంచి మొగుడి మెడలో దండ కనపడుతోంది. పుస్తకం గురించి మాట్లాడినవాళ్లంతా మగ్గం పేరానే చదివారు. ఎంత మనదిగా ఉందో అన్నారు. సిద్దిరాములు వంచిన తల ఎత్తకుండా, "ఏదో, పుట్టిన ఇంటి సంస్కారం" అన్నాడు.

అప్పుడు ఆడపిల్లల బడి నుంచి వచ్చిన మంజులత టీచరు లేచింది. నలబై ఏండ్ల మనిషి, సన్నగా, అద్దాలు పెట్టుకుని ఉంది. పుస్తకం చేతిలో విప్పి పట్టుకుని, "సార్, ఒక్కటి అడుగుత. గీతలు వరుసగ గీయరు, ఒక గీత ఇడిసి ఒక గీత గీస్తరు, తర్వాత నడుమవి నింపుతరు అని రాసిన్రు. గట్లెందుకు? వరుసగ గీస్తే ఏమైతది?" అంది.

సిద్దిరాములు దగ్గాడు. "అది జర సాంకేతికమమ్మా" అన్నాడు. "యంత్రం సంగతి" అన్నాడు. నీళ్లు తాగాడు. సభలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు. ఆయన కండ్లు మెల్లగా జనం మీంచి పోయి వసారా తలుపు దగ్గర ఆగాయి. పదహారేండ్ల నుంచి ఆ చూపు ఆమెకు తెలుసు. తువ్వాల దొరకనప్పుడు చూసే చూపు అది.

అండాలు కేతిలి కింద పెట్టింది.

"ఇల్లు అలుకుతం గదమ్మా" అంది అక్కడినుంచే. అంత మంది మగవాళ్ల ముందు తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఈ మూల నుంచి వరుసగ అలుక్కుంట పోతే వాకిలి దాక పోయేసరికి మొదలు అలికింది ఆరి తెల్లగైతది. ఒక దిక్కు పచ్చిగ, ఒక దిక్కు ఎండుగ కొడుతది. అదే ఒక పట్టె ఇడిసి ఒక పట్టె జల్దిగ అలికి, మళ్లొచ్చి నడుమవి నింపినమనుకో, ఇల్లంత ఒక్కతీరు ఉంటది. బొమ్మ గూడ గంతే. వరుసగ గీస్తే కింద గీసేసరికి మీది వెలుగు తగ్గుతది. బొమ్మ రెపరెపలాడుతది. అందుకని సగం సగం రెండుసార్లు గీస్తరు."

మంజులత టీచరు పుస్తకంలోకీ ఆమె మొహంలోకీ చూసింది. ఎవరో "వాహ్" అన్నారు. సభ సిద్దిరాముల దిక్కు తిరిగింది. ఆయన నవ్వాడు. "నా రాత సాఫు చేసి చేసి ఆమెకు గూడ సగం సైన్సు వచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. మంచి నవ్వే, ఎగతాళి కూడా కాదు. అండాలు వంగి కేతిలి తీసుకుంది. ఒక్క చుక్క కింద పడకుండా చాయ గ్లాసుల్లో పోసింది.

గ్లాసులు తొలుస్తుంటే మంజులత టీచరు పక్కకు వచ్చి నిలబడింది. నువ్వే రాసినవా అని అడగలేదు. "ఈ పుస్తకంల నీకు ఏ పేజీ ఇష్టం?" అని అడిగింది.

అండాలు చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఏడాదిన్నర అందులోనే బతికింది, ఎవరూ ఆ మాట అడగలేదు. "రెండువందల పదకొండు" అంది చివరికి. "కార్ఖానల ఆడోళ్లది. నేను రెండు పేజీలు రాసిన. ప్రెస్సోళ్లు అచ్చుల ఒక్క వాక్యమే ఉంచిన్రు."

మంజులత టీచరు పుస్తకం తెరిచి ఆ పేజీ చూసింది. తర్వాత, "లైబ్రరీల మెంబరైనవా? కాకుంటే కా. ఆడోళ్లం నలుగురమే ఉన్నం" అని చెప్పి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక సిద్దిరాములు దండ మేకుకు తగిలించి, "నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది. గని నా చెవిల చెప్పాల్సింది" అన్నాడు. ఆ సంగతి అప్పటికే గుర్వమ్మ నోట విని ఉన్న అత్త, "మొగని నోటికాడి మాట గుంజుకున్నవట" అంది. అండాలు ఖాళీ కేతిళ్లు బోర్లించింది.

నెల తిరగకముందే ప్రెస్సాయన రెండో భాగానికి పుస్తకాలు పంపాడు. ఈసారి మూడు, ఇంకా లావు. పరిశ్రమ సంగతి. కార్ఖానాలు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, పనివాళ్లు. సిద్దిరాములు వాటిని తెచ్చి ట్రంకుపెట్టె మీద పెట్టాడు. పెట్టి, గొప్ప సాయం చేసినట్టు నిలబడ్డాడు.

"ఈసారి నా పేరు వేస్తరా" అంది అండాలు.

"పేరేం చేసుకుంటవు అండాలూ? నాది వేరే, నీది వేరేనా?"

"వేరే కాకుంటే నాదే వేయుండ్రి."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపాడు. "ఆడిమనిషి పేరు మీద టెలివిజన్ పుస్తకమంటే ఎవలు కొంటరు? లైబ్రరీలు తీసుకోవు. ప్రెస్సాయన ఒప్పుకోడు. నలుగురు నన్నేమనుకుంటరు?" నాలుగు కారణాలు చెప్పాడు. ఆఖరిదే అసలుదని ఇద్దరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం ఆమె ట్రంకుపెట్టె ముందుకు లాగలేదు. మరునాడూ లాగలేదు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూ ఎన్ని పేజీలైనయి అనలేదు, పుస్తకాలు ఉన్నచోటనే ఉండడం చూశాడు. అయిదో రోజు తానే ఒకటి తెరిచి కూర్చున్నాడు. కాసేపటికి మూసేశాడు. ఆ మూసిన చప్పుడుకు ఆమెకు జాలి వేసింది. లేచి పోయి తీసుకుందామనిపించింది కూడా. చేతులు పప్పులో పెట్టుకుని కూర్చుంది. పదహారేండ్లలో ఆమె చేసిన అన్ని పనుల్లోకీ ఆ కూర్చోడమే కష్టమైంది.

మరునాడు అందరూ వెళ్లాక అత్తకు అన్నం మూతపెట్టి, "లైబ్రరీకి పోయొస్త" అంది.

"ఎందుకు? వాడు చెప్పిండా?"

"లేదు. నేనే పోతున్న."

లైబ్రరీలో బల్ల వెనక వెంకటయ్య అనే గుమాస్తా ఉన్నాడు. పేపర్లు చదువుతూ నలుగురు మగవాళ్లున్నారు. ఒకాయన సిద్దిరాముల బడి డ్రిల్లు మాస్టరు. మెంబరు కావాలంటే వెంకటయ్య ఫారం తీసి, పేరు అడిగి రాసుకున్నాడు. భర్త పేరు చెప్పగానే లేచి నిలబడ్డంత పని చేశాడు. "సార్ ఇంటోళ్లా, ముందే చెప్తే నేనే ఫారం ఇంటికి పంపుతుంటి గద" అన్నాడు. వయసు రాశాడు. చదువు రాశాడు. తర్వాతి గడి దగ్గర అడగకుండానే, "ఇంటిపని" అని గొణుక్కుంటూ కలం సిరాలో ముంచాడు.

"ఆగుండ్రి" అంది అండాలు. "పుస్తకాలు రాసుడు అని రాయుండ్రి."

వెంకటయ్య తలెత్తాడు. పరాచికమేమో అని కొంచెం నవ్వు కూడా సిద్ధం చేసుకున్నాడు. "ఏం పుస్తకం రాసిన్రమ్మా?"

ఆమె ఆయన వెనక అలమారలో పై అరను చూపించింది. ఎర్ర గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు. ఆయన తిరిగి చూసి, "అది సార్ది గద" అన్నాడు.

"సార్ పేరు మీద ఉన్నది. రాసింది నేను."

పేపర్ల చప్పుడు ఆగింది. డ్రిల్లు మాస్టరు చేతిలోది మెల్లగా బల్ల మీద పెట్టాడు. పదకొండు కావస్తోంది. మధ్యాహ్నం గంట కొట్టేలోపల ఈ మాట బడికి చేరుతుంది, సాయంత్రానికి ఇంటికి చేరుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో ఆమె లెక్కవేసుకోలేదు. కలం కొసన సిరా చుక్క కట్టి ఉంది. వెంకటయ్య ఫారంకేసీ ఆమెకేసీ మార్చి మార్చి చూస్తున్నాడు.

అండాలు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"రాయుండ్రి" అంది. "రాసేదాక ఈడనే ఉంట."